దగ్గుతున్న బిడ్డ శ్వాసను లెక్కపెట్టండి

పసిపిల్లలకు జలుబు, దగ్గు రావడం మామూలే. చాలామందికి కొద్ది రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. అయితే కొందరిలో జబ్బు ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియాగా మారుతుంది. దీన్నే మన ఊళ్లలో ‘నెమ్ము’ అంటారు. ఐదేళ్లలోపు పిల్లల్లో తీవ్రమైన నెమ్ముకు ఒక ముఖ్య కారణం న్యుమోకాకస్ అనే బాక్టీరియా.

ఈ క్రిమి ఏం చేస్తుంది?

ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కులో, గొంతులో కూడా ఈ క్రిమి ఉండవచ్చు. దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా ఇతరులకు సోకుతుంది. చెవికి చేరితే చెవిపోటు, చీము వస్తాయి. రక్తంలో చేరినా, మెదడు పొరలకు సోకి మెనింజైటిస్ వచ్చినా ప్రాణాపాయమే. మెనింజైటిస్ నుంచి కోలుకున్న పిల్లల్లో కొందరికి వినికిడి పోతుంది. రెండేళ్లలోపు పిల్లలకు, తగిన పోషణ లేనివారికి, హెచ్.ఐ.వి. లేదా సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

ఇంట్లోనే గుర్తించడం ఎలా?

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒక శ్వాస. నిమిషానికి ఈ కింది సంఖ్య గానీ, అంతకు మించి గానీ ఉంటే అది వేగమైన శ్వాస:

• 2 నెలల లోపు: 60
• 2 నెలల నుంచి ఏడాది లోపు: 50
• 1 నుంచి 5 ఏళ్లు: 40

అలా ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించండి. 2 నెలల లోపు బిడ్డనైతే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

వాతలు పెట్టించవద్దు. ముక్కులో నూనె చుక్కలు వేయవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ప్రమాదం. డాక్టరు యాంటీబయాటిక్ రాసిస్తే, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకుండా చెప్పినన్ని రోజులూ వాడండి.

టీకా ఉంది, ఉచితం

న్యుమోకాకల్ టీకాను (పి.సి.వి.) ప్రభుత్వం 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021లో దేశమంతటికీ విస్తరించింది. బిడ్డకు 6 వారాలు, 14 వారాలు, 9 నెలలు నిండినప్పుడు తొడకు ఇస్తారు. సూది వేసిన చోట కాస్త వాపు, కొద్దిపాటి జ్వరం రావచ్చు, భయపడనక్కరలేదు. మొదటి రెండూ వేయించాం కదా అని మూడోది మానేయకండి. రక్షణ ఎక్కువ కాలం నిలబడేది ఆ 9వ నెల డోసుతోనే. మొదటి డోసు ఆలస్యమైనా ఏడాది నిండేలోపు మొదలుపెట్టవచ్చు.

నెమ్ము వేరే క్రిముల వల్ల కూడా వస్తుంది. కాబట్టి మొదటి 6 నెలలు తల్లిపాలే ఇవ్వండి. పొయ్యి పొగ, బీడీ, సిగరెట్ పొగ బిడ్డకు తగలనివ్వకండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోండి.

ఈ రోజే మీ బిడ్డ టీకాల కార్డు తీసి చూడండి. పి.సి.వి. గడి ఖాళీగా ఉంటే ఏ.ఎన్.ఎం.ను గానీ, ఆశా కార్యకర్తను గానీ అడగండి.