గుండెమంటకు ఎండోస్కోపీ చికిత్స: స్వరూపం – పరిమితులు

1. ఉపోద్ఘాతం:
జూలూరుపాడు మొదలుకొని హైదరాబాదు వరకు తెలుగువారు 'గుండెమంట' అని వ్యవహరించే బాధకు మూలం సాధారణంగా గుండె కాదు, జీర్ణాశయం. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసేచోట ఉన్న కండర వలయం సడలితే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఛాతీలో మంట, పుల్లత్రేన్పులు దాని లక్షణాలు.

2. చికిత్సా విధానం:
పాంటొప్రజోల్ వంటి మాత్రలు ఆమ్లం ఉత్పత్తిని తగ్గిస్తాయే గాని వలయాన్ని బిగించలేవు. అందువల్ల మాత్ర మానగానే చాలామందిలో మంట తిరగబెడుతుంది. శస్త్రచికిత్సలో జీర్ణాశయపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి కుడతారు. ఎండోస్కోపీ పద్ధతిలో పొట్టపై కోత ఉండదు. నోటి ద్వారా పంపిన పరికరంతో ఆ పైభాగాన్ని లోపలినుండే మడిచి కుట్టువేస్తారు.

3. హైదరాబాదు అధ్యయనం:
ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు మాత్రలపై ఆధారపడిన 70 మందిని యాదృచ్ఛికంగా రెండు సమూహాలుగా విభజించారు. ఒక సమూహానికి చికిత్స చేసి, రెండవదానికి చికిత్సను పోలిన నామమాత్రపు ప్రక్రియ జరిపారు. నమ్మకం వల్ల కలిగే ఉపశమనాన్ని వేరుచేయడమే దీని ఉద్దేశం. 2022లో 'గట్' పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి సమూహంలో బాధ, మాత్రల అవసరం స్పష్టంగా తగ్గాయి.

4. పరిమితులు:
పెద్ద హయాటస్ హెర్నియా ఉన్నవారికి ఈ ఒక్క చికిత్స చాలదు. ఎండోస్కోపీ, అన్నవాహికలో ఆమ్లాన్ని కొలిచే పరీక్ష జరిపిన పిమ్మటే అర్హతను నిర్ణయించాలి.

5. ముగింపు:
ఛాతీబాధను 'గ్యాస్' అని సరిపెట్టుకుంటే గుండెపోటును సైతం ఉపేక్షించే ప్రమాదముంది. కనుక వ్యాధి నిర్ధారణే తొలి మెట్టు, చికిత్స ఎంపిక ఆ తర్వాతిది.