చెరుకు గడలో లెక్కలు, పసుపు కొమ్ములో సైన్సు

వేసవి సెలవుల్లో వీబీఎస్ నడిపే ప్రతి సంఘంలోనూ టీచర్ల కంటబడే సంగతి ఒకటి ఉంది. కంఠత వాక్యాన్ని తడబడకుండా ఒప్పజెప్పి బహుమతి అందుకున్న మూడో తరగతి పిల్లవాడికి అదే వాక్యం అచ్చులో చూపిస్తే చదవలేడు. చెవితో నేర్చుకున్నాడు గాని కంటితో కాదు. మనం చప్పట్లు కొట్టి పంపిస్తాం. ఇంటి దగ్గర తల్లిదండ్రులు కూడా బాగానే చదువుతున్నాడనుకుంటారు.

ఇది ఒక ఊరి కథ కాదు. దేశంలోని పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే 'అసర్' సర్వే 2024 లెక్క ప్రకారం, ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. అంటే నలుగురిలో ఒక్కరు కూడా లేరు. మూడో తరగతిలో చదవడం రానివాడికి నాలుగులో సైన్సూ రాదు, ఐదులో సోషలూ రాదు. వెనక బెంచీలో మౌనంగా కూర్చోవడం అలవాటవుతుంది. హైస్కూలుకు వచ్చాక మానేసే పిల్లల్లో చాలామంది చదువు నిజానికి ఈ మూడో తరగతిలోనే ఆగిపోయి ఉంటుంది.

సండే స్కూల్ అసలు మొదలైంది దీనికోసమే. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి పెట్టినప్పుడు, వారమంతా పనికి పోయే పేద పిల్లలకు సెలవు దొరికేది ఆ ఒక్కరోజే. ఆ రోజు వాళ్లకు ముందుగా నేర్పింది చదవడం. కాబట్టి అక్షరాలు నేర్పడం బడి పని, మనది కాదు అనేవాళ్లతో మేము ఏకీభవించలేం.

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే దారిలో ఉన్న ఎడపల్లిని, దాని చుట్టుపక్కల పల్లెలను దృష్టిలో పెట్టుకొని కొన్ని పాఠాలు ఇక్కడ రాస్తున్నాం. వీటికి కొనాల్సినవి దాదాపు ఏమీ లేవు. ఏటా డబ్బు పోసి కొనే రంగు చార్టుల మీద మాకు పెద్ద నమ్మకం లేదు. గోడకెక్కిన చార్టు పిల్లల చేతికి రాదు.

ముందు బస్సు బోర్డు. ఈ దారిలో పిల్లలు రోజూ చూసే పేర్లు మూడు. 'ఎడపల్లి'లో మొదటి మూడు అక్షరాలకు ఏ గుణింతమూ లేదు, చివర లకారానికి ఒత్తు, గుడి. 'బోధన్'లో ఓత్వం, వత్తు పలికే ధ, చివర పొల్లు. 'నిజామాబాద్'లో ఒక గుడి, మూడు దీర్ఘాలు, ఒక పొల్లు. గుణింతాల పట్టిక క నుంచి చివరిదాకా వల్లె వేయించడానికి నెలలు పడుతుంది. ఈ మూడు పేర్లను అట్టముక్కల మీద రాసి, అక్షరాలుగా కత్తిరించి, కలిపేసి, మళ్లీ పేర్చమంటే వారంలో గుడి, దీర్ఘం, పొల్లు పిల్లల వేళ్లకు తెలిసిపోతాయి. తర్వాత ఎవరి పేరు వాళ్లు, ఆ తర్వాత అమ్మ పేరు. మ, య కలగాపులగం చేసే పిల్లలు ఎక్కువ. వాళ్లకు పళ్లెంలో ఇసుక పోసి వేలితో దిద్దించండి. మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో చేసిన అక్షరాలు తడిమించింది ఇందుకే. వేలికి తెలిసిన ఆకారాన్ని కన్ను త్వరగా గుర్తుపడుతుంది.

ఈ ప్రాంతపు తరగతి గదికి ఇంకో చిక్కు ఉంది. ఒకే చాప మీద తెలుగు పిల్లవాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి, తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్లవాడు, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీ కుటుంబం పాప కూర్చుంటారు. పైగా 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. చాలామంది టీచర్లకు ఇది తలనొప్పి. మాకైతే ఇందులోనే మంచి పాఠం కనిపిస్తోంది. 'చక్కెర' అనే ఒక్క మాట తీసుకోండి. ఉర్దూలో శక్కర్, మరాఠీలో సాఖర్, ఇంగ్లీషులో షుగర్. ఇవన్నీ సంస్కృతంలోని 'శర్కర' నుంచి వచ్చినవే. ఇంగ్లీషు మాట మాత్రం అరబ్బు దేశాలు తిరిగి వెళ్లింది. బోధన్‌లో శక్కర్‌నగర్‌కు ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగితే, జవాబు చెప్పేది ఎప్పుడూ నోరు మెదపని ఉర్దూ అమ్మాయే అవుతుంది. వారానికి ఒక మాట చాలు. ఇంట్లో దాన్ని ఏమంటారో అడిగి తెచ్చి అందరూ బోర్డు మీద రాయాలి. మా భాష తప్పు భాష కాదని తెలిసిన పిల్లలు తెలుగూ ఇంగ్లీషూ భయం లేకుండా మాట్లాడతారు.

లెక్కలకు చెరుకు ఉండనే ఉంది. గడ మీద కణుపులు లెక్కపెట్టడం ఒకటో తరగతికి. ఏ గడకు ఎక్కువ, ఎంత ఎక్కువ అంటే తీసివేత వచ్చేస్తుంది. పెద్ద పిల్లలకు ఫ్యాక్టరీ లెక్క చెప్పండి. వంద కిలోల చెరుకు ఆడితే సుమారు పది కిలోల చక్కెర వస్తుంది. మరి మన ఇంట్లో నెలకు వాడే చక్కెరకు ఎంత చెరుకు కావాలి? ఇంట్లో అమ్మను అడిగి రావాలి, లెక్క కట్టాలి. తప్పు జవాబు వచ్చినా ఎలా చేశారో చెప్పించండి, తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లే పట్టుకుంటారు. పదులు, వందలు రానివాళ్లకు చీపురు పుల్లలు పది చొప్పున కట్టలు కట్టించండి, పది కట్టలు కలిపితే వంద. ఈ జిల్లాలో బీడీలు చుట్టే తల్లులు ఎందరో. వెయ్యికి ఇంత అని కూలి లెక్క వినే పిల్లలకు 'వెయ్యి' అంటే ఎంతో పుస్తకం కంటే ముందే తెలుసు. ఆ ఇంటి లెక్కను బడి లెక్కతో కలపాలి. పొగాకును మాత్రం గదిలోకి తేనక్కరలేదు.

పసుపు పాఠం పిల్లలకు ఇంద్రజాలంలా ఉంటుంది. జాతీయ పసుపు బోర్డుకు నిజామాబాద్ కేంద్రమైంది కూడా. పసుపును నీళ్లలో కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరనివ్వాలి. సబ్బు నీళ్లలో ముంచిన పుల్లతో దాని మీద రాస్తే ఎర్రటి అక్షరాలు వస్తాయి. వాటి మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపుపచ్చ. పారాణి ఎర్రగా ఎందుకు అవుతుందో నానమ్మలకు తెలిసిందే, పసుపులో సున్నం పడుతుంది గనుక. అయితే పిల్లల చేతికి సున్నం ఇవ్వకండి, కళ్లలో పడితే ప్రమాదం. వెంటనే వివరణ కూడా ఇవ్వకండి. ఉప్పునీళ్లతో ఏమవుతుంది, పెరుగుతో ఏమవుతుంది అని వాళ్లనే ఊహించమని, తర్వాత చేసి చూడమనండి. ఆ ఊహించే రెండు నిమిషాలే అసలు సైన్సు.

చరిత్రకు ఒక తాడు, బట్టల క్లిప్పులు చాలు. గదికి అడ్డంగా తాడు కట్టి 1931 అని రాసిన కాగితం తగిలించండి, అది నిజాంసాగర్ పూర్తయిన ఏడు. 1937, నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టిన ఏడు. 2015, బోధన్ ఫ్యాక్టరీ మూతపడిన ఏడు. తర్వాత ప్రతి పిల్లా తాను పుట్టిన ఏడును తగిలించాలి. ఇప్పుడు మూడో తరగతి చదివే పిల్లలందరి కాగితాలూ ఫ్యాక్టరీ కాగితం తర్వాతే వస్తాయి. ఆ పొగగొట్టం నుంచి పొగ రావడం వాళ్లు చూడలేదు. సైరన్ వినలేదు. తాతను మూడు ప్రశ్నలు అడిగి రమ్మని పంపండి. సంఘంలో అక్కడ పనిచేసి ఇంటికి వచ్చిన పెద్దలుంటే ఒక సాయంత్రం పిలిచి చాప మీద కూర్చోబెట్టండి. పిల్లలు విన్నది సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయాలి. అచ్చుతప్పులు ఆ రోజు దిద్దవద్దు.

కథలు చెప్పే విషయంలో గుజరాత్ ఉపాధ్యాయుడు గిజూభాయి పుస్తకం 'పగటికల' దొరికితే తప్పక చదవండి. కథ చెప్పి, వెంటనే నీతి అడిగి కథను చంపేసే అలవాటు మన సండే స్కూళ్లలో మరీ ఎక్కువ. విత్తువాడు, ఆవగింజ, పులిసిన పిండి అంటూ వినేవాళ్ల పొలం నుంచీ వంటింటి నుంచీ ఎత్తుకున్న ఉపమానాలను మనం రంగులు వేసే కాగితాలుగా మార్చేశాం. ఆవగింజ చూపించకుండా ఆవగింజ బొమ్మకు రంగు వేయించడం ఏమిటో మాకు అర్థం కాదు.

ఇక ఏర్పాట్లు. మందిరం హాలు వారంలో చాలా సాయంత్రాలు తాళం వేసే ఉంటుంది. వారానికి మూడు రోజులు, గంటసేపు తెరిస్తే చాలు. పిల్లలను తరగతిని బట్టి కాదు, వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టాలి. అక్షరాలు రానివాళ్లు ఒకచోట, మాటలు చదివేవాళ్లు ఒకచోట, పేరా చదివేవాళ్లు ఇంకోచోట. ఐదో తరగతి పిల్లవాడు అక్షరాల గుంపులో ఉంటే చిన్నబుచ్చుకుంటాడు, వాడికి చిన్నవాళ్లకు ఇసుక పళ్లాలు పంచే పని అప్పగించండి. ఇంటర్, డిగ్రీ చదివే యౌవనస్థులే దీనికి సరిపోతారు. ఊళ్లోని ప్రభుత్వ బడి టీచరుతో ముందే మాట్లాడుకోవాలి, ఆయనకు పోటీగా కాదు, తోడుగా.

ఇంకో మాట గట్టిగానే చెబుతున్నాం. ఆ గంటకు ఏ ఇంటి పిల్లలు వచ్చినా రావచ్చు, ఆ గంటలో చదువు తప్ప మరేమీ ఉండకూడదు. బోధకు ఆదివారం ఉంది. తల్లిదండ్రులకు ఈ సంగతి మొదటిరోజే చెప్పి, తలుపులు తెరిచి ఉంచి నడపండి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి.

ఒక్కో పిల్లకూ నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించండి. మొదటిరోజు ఏం చదవగలిగిందో తేదీ వేసి రాయండి, నెలకోసారి మళ్లీ అదే చదివించి పక్కన రాయండి. జూన్‌లో మొదలుపెడితే దసరా సెలవులకు ముందే ఆ పేజీని తల్లికి చూపించవచ్చు. ఆ తల్లికి చదువు రాకపోతే, పిల్లచేతే పైకి చదివించి వినిపించండి.