ఫైబర్ దుమ్ము: చీపురు పట్టే ముందు ఒక్క నిమిషం

2004 డిసెంబరు సునామీ తరువాత మన తీరంలో చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ తెప్పలు బాగా పెరిగాయి. వాటికి పగులు వస్తే చాలామంది ఇంటి ముందే గ్రైండరుతో అరగదీసి, మ్యాట్, రెజిన్ వేసి అతుకుతారు. నీళ్ల ట్యాంకులు, కూలర్లు, బాత్‌రూమ్ తలుపుల మరమ్మతు కూడా ఇలాగే జరుగుతుంది. పని చేసేవారు ముఖానికి తువ్వాలు కట్టుకుంటారు. పని అయ్యాక ఆ దుమ్ము ఊడ్చేది, ఆ బట్టలు ఉతికేది ఎక్కువగా ఇంటి ఆడవారే. వారికి మాత్రం ఏ రక్షణా ఉండదు. ముఖ్యంగా వారి కోసమే ఈ నాలుగు మాటలు.

ఈ దుమ్ములో ఏముంది?

ఫైబర్ అంటే సన్నని గాజు పోగులు. వాటిని రెజిన్‌తో అతికించి గట్టిపరుస్తారు. గ్రైండరు పెట్టగానే ఆ పోగులు చిన్న చిన్న ముక్కలై, రెజిన్ పొడితో కలిసి గాలిలోకి లేస్తాయి. అవి చర్మంలో సన్నని ముళ్లలా గుచ్చుకుంటాయి. మణికట్టు, మోచేతి మడత, మెడ, నడుము వంటి చోట్ల, అంటే బట్ట రాసుకునే చోట, దురద ఎక్కువగా ఉంటుంది. గోకితే ముక్కలు ఇంకా లోపలికి దిగుతాయి, పుండు పడుతుంది. ముక్కులోకి, గొంతులోకి వెళితే తుమ్ములు, పొడి దగ్గు వస్తాయి. ఆస్తమా ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది.

గజ్జి అనుకోకండి

మరమ్మతు బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఉతికితే పోగులు అన్నింటికీ అంటుకుంటాయి. అప్పుడు పిల్లలతో సహా అందరికీ దురద మొదలవుతుంది. అది చూసి గజ్జి అని మందుల షాపులో పూతమందు కొని రాస్తారు. తేడా గమనించండి. ఫైబర్ దురద అదే రోజున మొదలై, దుమ్ము తాకడం ఆగితే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. గజ్జి మొదటిసారి సోకినప్పుడు దురద రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అది రాత్రిపూట ఎక్కువవుతుంది, వేళ్ల సందుల్లో పొక్కులు కనిపిస్తాయి. ఆసుపత్రికి వచ్చినప్పుడు "ఇంట్లో ఫైబర్ పని జరిగింది" అని తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో అనవసరమైన మందు తప్పుతుంది.

క్యాన్సర్ వస్తుందా?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. పడవలకు వాడే మామూలు గాజు పోగు మనుషులకు క్యాన్సర్ తెస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002 నివేదికలో పేర్కొంది. కానీ ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుల సంగతి వేరు. ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైంది. ఆ రేకులను ఇంటి దగ్గర కోయడం, అరగదీయడం అసలు చేయకండి.

పని మొదలుపెట్టే ముందు

మంచినీళ్ల బిందెలు, వంట సామాను మూసిపెట్టండి. ఆరేసిన బట్టలు, చాపలు, దిండ్లు లోపల పెట్టి, అటువైపు తలుపులు, కిటికీలు మూయండి. దుమ్ము ఇంట్లోకి రాకుండా గాలివాలు చూసుకుని పని పెట్టుకోండి. కింద టార్పాలిన్ పరవండి. పిల్లలను దూరంగా ఉంచండి.

దుమ్ము తీసే పద్ధతి

1. పని ఆగాక అరగంట ఆగండి, గాలిలో ఉన్నది కిందికి దిగుతుంది. ఫ్యాను వేయకండి.

2. నిండు చేతుల చొక్కా, తలకు గుడ్డ, చేతులకు గ్లవ్స్, కాళ్లకు చెప్పులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కరోనా కాలంలో అందరికీ తెలిసిన ఎన్-95 మాస్కు మంచిది. చీర కొంగు, తువ్వాలు సన్నని దుమ్మును ఆపలేవు.

3. గ్రైండరు ప్లగ్గు తీసి పక్కన పెట్టాకే నీళ్లు ముట్టుకోండి.

4. పొడి చీపురుతో ఊడ్వకండి. అలా ఊడిస్తే దిగిన దుమ్మంతా మళ్లీ మీ ముఖానికే లేస్తుంది. నీళ్లు మెల్లగా చిలకరించి, గచ్చునేలైతే తడిగుడ్డతో తుడవండి. మట్టినేలైతే పైమట్టిని పారతో గీకి సంచిలోకి ఎత్తండి.

5. టార్పాలిన్‌ను దులపకండి. తడిపి, అంచులు లోపలికి మడిచి, దుమ్మును సంచిలో వేయండి.

6. మామూలు వాక్యూమ్ క్లీనరు వాడకండి. సన్నని దుమ్మును వెనుక నుంచి బయటికి వదులుతుంది.

7. దుమ్మును, తుడిచిన గుడ్డలను రెండు సంచుల్లో వేసి మూతి కట్టి, చెత్త తీసుకునే వారికి చెప్పి ఇవ్వండి. తగలబెట్టకండి. గాజు కాలదు, రెజిన్ పొగ మాత్రం హాని చేస్తుంది.

బట్టలు, స్నానం

పని బట్టలు బయటే విప్పండి. విడిగా బకెట్‌లో నానబెట్టి, కర్రతో కలిపి, రెండు మూడు నీళ్లు మార్చండి. చేతులతో నలపకండి. తరువాత ఆ బకెట్‌ను కూడా బాగా కడగండి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే, ఆ తరువాత ఒకసారి ఖాళీగా తిప్పండి.

స్నానంలో ముందుగా ఒంటిమీద ధారగా నీళ్లు పోసుకోండి. ఆ తరువాతే సబ్బు పెట్టండి. పీచుతో రుద్దకండి. చర్మంపై పోగులు కనిపిస్తే అంటించే టేపును మెల్లగా అద్ది తీయండి. ఒంటికి అంటిన రెజిన్‌ను థిన్నరుతోను, కిరోసిన్‌తోను తుడవకండి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

కంట్లో దుమ్ము పడితే నలపకుండా 15 నిమిషాలు శుభ్రమైన నీటితో కడగండి. అప్పటికీ మంట, ఎరుపు, నీరు కారడం తగ్గకపోతే వెంటనే రండి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కంటిని ఆపకుండా కడుగుతూనే బయలుదేరండి, సీసాను వెంట తెండి. ఆయాసం, పిల్లికూతలు ఉన్నా, చర్మం చీము పట్టినా, దురద వారం దాటినా మాకు చూపించండి.

పడవ మరమ్మతు ఆపమని మేము చెప్పడం లేదు, అది మీ జీవనాధారం. రెండు చెంబుల నీళ్లు, ఒక తడిగుడ్డ, ఒక మాస్కు. అరగదీసే వారికి ఎంత అవసరమో, ఊడ్చి ఉతికే వారికీ అంతే అవసరం. ఈసారి మరమ్మతుకు సామాను కొనేటప్పుడు మాస్కులు, గ్లవ్స్ ఇద్దరికీ సరిపడా కొనండి.