రాత్రి తాగి పొద్దున బండి తీసినా దొరుకుతారా? బ్రీత్ టెస్ట్ లెక్క ఇదీ..!

చింతమడకలో రాత్రి దావత్ అయిందనుకోండి. 11 గంటలకు పడుకుని, పొద్దున 6 గంటలకే బైక్ మీద సిద్దిపేటకు బయల్దేరారు. దారిలో పోలీసులు ఆపి ఊదమన్నారు. "రాత్రి తాగిన సార్, పండుకొని లేచిన" అంటే మెషిన్ వింటుందా? వినదు. ఎందుకంటే..

మెషిన్ ఏం చూస్తుంది?
తాగిన ఆల్కహాల్ రక్తంలో కలుస్తుంది. అక్కడి నుంచి ఊపిరితిత్తుల ద్వారా శ్వాసలోకి వస్తుంది. ఆ లోపలి గాలి కోసమే ఆగకుండా గట్టిగా ఊదమంటారు. బ్రీత్ అనలైజర్‌లోని సెన్సర్‌కు ఆల్కహాల్ తగిలితే కొద్దిపాటి కరెంట్ పుడుతుంది. కరెంట్ ఎంత ఎక్కువైతే రీడింగ్ అంత ఎక్కువ. సోంపు, చూయింగ్ గమ్ వాసనను దాచొచ్చేమో కానీ రీడింగ్‌ను తగ్గించలేవు. కల్లు తాగినా, విస్కీ తాగినా మెషిన్‌కు ఒకటే.

లిమిట్ ఎంత?
100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అది దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసే. మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు లేదా రూ.10 వేల ఫైన్, లేదంటే రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు లేదా రూ.15 వేల ఫైన్, లేదంటే రెండూ.

నిద్రపోతే దిగదా?
దిగుతుంది, కానీ మెల్లగా. చాలామందిలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గుతుంది. పడుకునేటప్పుడు 150 ఉంటే, 7 గంటల తర్వాత కూడా ఇంకా 45 ఉంటుంది. అంటే లిమిట్ పైనే! మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం.. ఏవీ ఈ స్పీడ్ పెంచవు.

రీడింగ్ మీద డౌట్ ఉంటే?
అప్పుడే తాగినా, మౌత్‌వాష్ వాడినా నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల రీడింగ్ ఎక్కువ చూపించొచ్చు. 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదితే తేడా తెలుస్తుంది. కొత్త పైపు పెట్టమని అడగండి. రక్త పరీక్షకు కూడా చట్టంలో చోటుంది. అరెస్ట్ చేస్తే, 2 గంటల్లోపు డాక్టర్‌తో పరీక్ష చేయించాల్సిందే. ఊదనని మొండికేస్తే మాత్రం అదే మీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది.

బండి సంగతి?
పక్కన తాగని వ్యక్తి ఉండి, అతనికి లైసెన్స్ ఉంటే బండి అతనికే ఇవ్వాలని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది.

సో.. రాత్రి గట్టిగా తాగితే, పొద్దున తాళం చెవి ఇంకొకరి చేతికి ఇవ్వడమే సేఫ్. మీకూ, రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్లకూ!