పదమూడణాల ఎనిమిది పైలు... ఇంకాస్త!

హైదరాబాద్ హాలీకీ, బ్రిటిష్ కల్దారుకూ మధ్య మారకం రేటు స్థిరంగానే ఉండేది. నష్టం మాత్రం చిల్లర మార్చుకున్నవాడికే!

‘రూపాయి మళ్లీ పడింది. డాలర్‌తో దాని కథ మొదటినుంచీ రాయండి, గురువారం సాయంత్రానికి కావాలి’ అన్నారు ఎడిటర్. 1966 జూన్‌లో 4.76 రూపాయలున్న డాలర్ రాత్రికి రాత్రి ఏడున్నర అయిన సంగతి, 1991 జులైలో రూపాయి విలువను రెండు విడతల్లో తగ్గించిన సంగతి ఇప్పటికే చాలామంది రాశారు. పాత కాగితాలు తిరగేస్తుంటే డాలర్ ఊసే లేని ఒక అంకె నన్ను పట్టేసింది: 116-10-8.

నిజాం సర్కారు లెక్కల్లో వంద కల్దార్లకు, అంటే బ్రిటిష్ రూపాయలకు, కట్టిన ధర అది. నూట పదహారు రూపాయల పదణాల ఎనిమిది పైలు, నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కాలో. అణాకు పన్నెండు పైలు, రూపాయికి పదహారణాలు. సులువుగా చెప్పాలంటే ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు.

ఈ ఏడు-ఆరు లెక్క గాల్లోంచి పుట్టలేదు. 1940కి ముందు నాణేలు తీసుకుందాం. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. రాజు తల ఉన్న కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అంటే ఒకదాంట్లో 9.14 గ్రాముల వెండి, రెండోదాంట్లో 10.69. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.855. ఆరును ఏడుతో భాగిస్తే 0.857. ఇంత దగ్గరగా వస్తుంటే ఆ రేటును అన్యాయం అనలేం. చిక్కంతా చేతులు మారేటప్పుడే.

మధిర నిజాం ఇలాకాలో ఉండేది. అక్కడ రైలెక్కి బెజవాడలో దిగితే మద్రాసు ప్రెసిడెన్సీ. అక్కడి బజారులో సరుకు కొనాలంటే కల్దార్లు కావాలి. ఒక కల్దారుకు ఎన్ని హాలీలు ఇవ్వాలో చెప్పడం తేలికే: రూపాయి రెండణాల ఎనిమిది పైలు. శేషం లేదు. అయిదు కల్దార్లకు అయిదు రూపాయల పదమూడణాల నాలుగు పైలు. ఇక్కడా శేషం లేదు.

ఇప్పుడు తిరగేసి చూడండి. చేతిలో ఒక్క హాలీ ఉంది, దాన్ని కల్దారు చిల్లరగా మార్చుకోవాలి. రావలసింది పదమూడణాల ఎనిమిది పైలు, పైన పైలో ఏడింట నాలుగు వంతులు. పై కంటే చిన్న నాణెం లేదు కాబట్టి ఆ నాలుగు వంతులు చేతికి రావు. షరాబు ఎంత నిజాయితీపరుడైనా, ఒక్క పై వట్టం పుచ్చుకోకపోయినా, ఇచ్చేది పదమూడు-ఎనిమిదే. ఇలా ఏడు దఫాలుగా ఏడు హాలీలు మార్చుకున్నవాడికి మొత్తం మీద నాలుగు పైలు తరుగు. ఏడింటినీ ఒక్కసారే బల్ల మీద పెట్టినవాడికి ఆరు కల్దార్లు నిండుగా వస్తాయి. వెయ్యి మార్చే వ్యాపారికి ఆ శేషం కంటికే ఆనదు. రేటు అందరికీ ఒకటే, తరుగు మాత్రం పలచటి జేబుకే.

చరిత్ర చెప్పకపోతే ఎడిటర్ ఊరుకోరు కనుక గబగబా: 1857 తర్వాత నాణేల మీద మొఘల్ బాదుషా పేరు పోయి నిజాం పేరు వచ్చింది. 1903లో టంకశాల సైఫాబాద్‌కు మారింది. 1918లో సొంత నోట్లు మొదలయ్యాయి. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలూ ఉండేవి. 1947 నవంబర్‌లో భారత్‌తో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత భారత రూపాయి ఇక్కడ చెల్లదని నిజాం సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది, ఢిల్లీ మండిపడింది. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది. 1950లో భారత రూపాయిని హాలీ పక్కన నిలబెట్టినప్పుడూ రేటు అదే, ఏడుకు ఆరు. 1951లో హాలీ జారీ ఆగింది, 1959లో పూర్తిగా రద్దయింది.

‘మాకు సొంత రూపాయి ఉండేది’ అని గర్వంగా చెప్పేవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉన్నారు. చార్మినార్ రూపాయంటే నాకూ ముచ్చటే. అయితే సొంత నాణెం దొరవారి హోదా పెంచినంతగా కూలివాడి మూట పెంచలేదని నా అనుమానం. ఎల్ల దాటిన ప్రతిసారీ శేషం కట్టింది అతనే.

ఇవాళ దుబాయ్ నుంచి జగిత్యాలకు డబ్బు పంపే మనిషిదీ అదే లెక్క. దిర్హామ్‌ను 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేశారు, కదలదు. కానీ పంపే రుసుము విడతకు ఇంత అని ఉన్నచోట, నెలనెలా కొంచెం కొంచెం పంపేవాడికి ఎక్కువ పోతుంది, ఒకేసారి పెద్ద మొత్తం పంపేవాడికి తక్కువ పోతుంది. టీవీలో అడుగున పరుగెత్తే రేటులో ఇది కనిపించదు. రూపాయి ఎంత పడిందని అడిగేవాళ్లు, ఎవరి జేబులో ఎంత పడిందని కూడా అడగాలి.

బాక్స్ 1: సముద్రం పాలైన నోట్లు
హైదరాబాద్ నోట్లు లండన్‌లో అచ్చయ్యేవి. 1922 మే 20న బొంబాయికి వస్తున్న ‘ఈజిప్ట్’ ఓడ ఫ్రాన్స్ తీరాన ఉషాన్ దీవి దగ్గర పొగమంచులో మరో ఓడను ఢీకొని మునిగింది. అందులో బంగారం, వెండితో పాటు నిజాం నోట్ల కట్టలూ ఉన్నాయి. ‘ఆర్టిల్యో’ అనే ఇటాలియన్ ఓడ సిబ్బంది 1932లో బంగారం పైకి తీశారు. తడిసిన నోట్లూ దొరికాయి. వాటిలో కొన్నిటి మీద ఫలానా ఓడలో దొరికిందని ముద్రవేసి జ్ఞాపికలుగా చలామణి చేశారు.

బాక్స్ 2: నయా పైసల్లో హాలీ
1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసలయ్యాయి. ఆ లెక్కన హాలీ విలువ 85.714 నయా పైసలు, ఆ పైన దశాంశాలు తెగవు. అణాలు పోయినా శేషం పోలేదు.

బాక్స్ 3: చూడాలనుకుంటే
సైఫాబాద్ టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు.