ఒక కార్డు ముక్క వ్రాయండి

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మధ్యాహ్నం భోజనాలయి, గిన్నెలు బోర్లించి, కాస్త నడుం వాల్చే వేళకి రేడియోలో ప్రసంగం వింటాం. వారపత్రిక చేతికొస్తే కథ చదువుతాం. నచ్చితే "ఎంత బాగా చెప్పిందమ్మా!" అనుకుంటాం. నచ్చకపోతే "ఈవిడకేం తెలుసు మన అవస్థలు?" అనుకుంటాం. ఆ రెండు మాటలూ పక్కింటి పిన్నిగారి దాకా వెడతాయి, మహా అయితే వీధి పంపు దాకా. చెప్పినావిడకి మాత్రం చేరవు. ఇవాళ నేను మాట్లాడదలచింది అలా చేరకుండా పోయే మాటల గురించే.

మా ఇల్లు గౌలిపురాలో. గౌలిగూడ అని పొరబడేరు, అది మూసీకి అవతల. మాది లాల్‌దర్వాజా, శాలిబండల పక్కన, పేరులోనే పాలవాళ్లున్న పేట. మా గల్లీలో పొద్దున్న ఒక మాట పుట్టిందంటే సాయంత్రానికల్లా తెలుగులోనూ, ఉర్దూలోనూ కూడా తిరిగొస్తుంది. మాట్లాడడానికి ఇంత ధారాళంగా ఉన్న మేమే కలం చేతికిస్తే "నాకేం వ్రాయొస్తుందండీ" అని వెనక్కి తగ్గుతాం.

కొన్నేళ్ల కిందట నేను పసిపిల్లల పెంపకం గురించి ఒక ప్రసంగం చేశాను. నలుగుపిండి, నూనె, స్నానం అన్నీ చెప్పి, చివర "పుట్టిన బిడ్డ నాలిక మీద తేనెబొట్టు వెయ్యడం పెద్దల నాటి ఆచారం, మంచిదే" అన్నాను. మా అమ్మ నాకు వేసింది, నేను నా పిల్లలకి వేశాను. అనుమానం ఎందుకొస్తుంది?

వారం తిరగకుండా ఒక కవరు వచ్చింది. సంతకం లేదు. "మీలాంటి చదువుకున్న మూర్ఖులకి మైకు ఇచ్చినవాళ్లననాలి. తేనె పోసి పిల్లల్ని చంపుతారా?" అని మొదలై, చివరిదాకా అదే ధోరణి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎవరో గిట్టనివాళ్లు వ్రాశారనుకుని, మడిచి బియ్యం డబ్బా వెనక పడేశాను.

ఇంకో పది రోజులకి ఒక పోస్టుకార్డు వచ్చింది. మా పేటలోనే ఉండే నర్సు వ్రాసింది. "అక్కయ్యగారూ, స్నానం గురించి మీరు చెప్పింది, ముఖ్యంగా చెవుల్లో నూనె పొయ్యొద్దన్న మాట, మా వార్డులో తల్లులందరికీ చెప్పాను. తేనె సంగతి మాత్రం మరోసారి ఆలోచించండి" అని మొదలుపెట్టి కారణం చెప్పింది. తేనెలో ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చునట. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఎదగలేవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టించవచ్చు. ముందు విరేచనం బిగుస్తుంది, తరవాత పాలు పీల్చలేదు, ఏడుపు నీరసిస్తుంది, ఊపిరికే కష్టం కావచ్చు. ఇంట్లో తేనె కాచినా ఆ బీజాలు చావవు. అరుదైన జబ్బే కాని, వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత ఏడాది నిండేదాకా తేనె వద్దు. కింద తన పేరు, ఇంటి నంబరు.

నాకు తెలిసిన డాక్టరమ్మని అడిగాను. "కార్డులో ఉన్నదంతా నిజమే" అంది. తరవాతి ప్రసంగంలో నా తప్పు నేనే చెప్పి దిద్దుకున్నాను.

ఆ రెండు ఉత్తరాల్లోనూ ఉన్న నిజం ఒకటే, గమనించారా? మొదటిది ముందే వచ్చింది. అయినా దాన్లో తిట్టు తప్ప నిజం నాకు కనబడలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కాని ఆ పది రోజుల్లో నా మాట నమ్మి ఎందరు తల్లులు తేనె నాకించారో! ఈనాటికీ తలుచుకుంటే నిద్రపట్టదు. ఉత్తరం వ్రాసే తీరు కేవలం మర్యాద విషయం కాదని నాకు అప్పుడే తెలిసింది.

మరి ఎలా వ్రాయాలి? మొదట, పూర్తిగా చదివి లేక విని వ్రాయండి. సగంలో లేచి వెళ్లి పాలు దించివచ్చిన ప్రసంగం మీద తీర్పు చెప్పకండి. ఏ తేదీన, ఏ ప్రసంగంలో, ఏ మాటో గుర్తుగా చెప్పండి. మెచ్చుకున్నా అంతే. ఉత్త "బాగుంది" కన్నా "ఫలానా మాట విని మా అత్తగారితో మాట్లాడగలిగాను" అనడం రచయిత్రికి వెయ్యి రెట్లు ఉపయోగం. తప్పుపట్టేటప్పుడు మాటని పట్టండి, మనిషిని పట్టకండి. కారణం చెప్పండి. మీకెలా తెలుసో చెప్పండి. పనిలో పనిగా "నా కథ కూడా వేయించండి" అని తోక తగిలించకండి. జవాబు రాలేదని అలగకండి.

ముఖ్యంగా సంతకం చెయ్యండి. "ఒక గృహిణి" అని కాదు, మీ సొంత పేరుతో. ఇంటి గుట్టు ఏదైనా ఉంటే పేరు బయటపెట్టవద్దని సంపాదకులకి విడిగా వ్రాసుకోవచ్చు. కాని పేరు పెట్టి వ్రాసిన మాటకి ముందు మనమే బాధ్యత పడతాం. కలం తనంతట తానే నెమ్మదిస్తుంది.

ఒక్క ఉత్తరం వల్ల ఏమవుతుందని తీసిపారెయ్యకండి. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలై దశాబ్దాల పాటు సాగిన మాలతీ చందూర్‌గారి 'ప్రమదావనం' దేనిమీద నడిచింది? మనలాంటి ఆడవాళ్లు వ్రాసిన ప్రశ్నల మీదే కదా!

ఇక ఆక్షేపణకి జవాబు ఎలా ఉండాలో మన హైదరాబాదులోనే చూడండి. తెలంగాణాలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు, 1926లో గోలకొండ పత్రిక స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్టుకి తిట్టు అచ్చువెయ్యలేదు. ఊరూరి కవుల రచనలూ కూడబెట్టి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. కోపంతో ముగియవలసిన తగవు పుస్తకమై నిలిచింది.

ఈ దేశంలో 1879లో పావు అణాకి మొదలైంది పోస్టుకార్డు. ఇప్పుడు మీరు కార్డే వ్రాయనక్కర్లేదు, ఫోనులో నాలుగు ముక్కలు పంపినా చాలు. కాని పద్ధతి అదే. ఎదురుగా కూర్చున్న మనిషితో అనలేని మాట కాగితం మీదా వద్దు, ఫోనులోనూ వద్దు.

ఆ నర్సు కార్డు ఇప్పటికీ మా పూజగదిలో పంచాంగంలో ఉంది. కోడలు పురిటికి వెళ్లే ముందు తీసి చూపించాను.

ఈ ప్రసంగంలో నేనెక్కడైనా పొరబడితే ఇవాళే వ్రాయండి. పది రోజులు ఆగకండి. పేరు మాత్రం మరిచిపోకండేం?