మూడు రాత్రులు ఓడమీద: పిల్లలతో, బంధువులతో



వేసవి సెలవులు రాగానే మన పల్లెటూరి కుటుంబాలవారు అనేకులు విశాఖపట్నము వస్తారు. రామకృష్ణా బీచిలో కాళ్లు తడుపుకొని, కైలాసగిరి ఎక్కి, కురుసుర జలాంతర్గామిని చూసి తిరిగి వెళ్తారు. దూరాన లంగరు వేసి నిలిచిన ఓడను చూపించి, "నాన్నా, మనము దానిలోకి ఎక్కవచ్చునా?" అని పిల్లలు అడిగితే, "అది సరుకుల ఓడ, మనకు కాదు" అని చెప్పి ఊరుకుంటాము. మేమును చాలా ఏండ్లు అలాగే చెప్పాము. 2022లో ఆ మాట మార్చుకోవలసి వచ్చింది.

విశాఖ రేవు, ఓడ ప్రయాణము

ఓడ ప్రయాణము మన తీరమునకు క్రొత్త కాదు. ఒకప్పుడు భీమునిపట్నము, విశాఖ, కాకినాడ రేవుల నుండి మనవారు వేలాదిగా రంగూన్‌కు కూలికి వెళ్లారు. 1933 అక్టోబరు 7న "జలదుర్గ" అను ఓడ లోపలికి రావడముతో విశాఖ హార్బరుకు పెద్ద ఓడల రాక ఆరంభమైంది. స్వతంత్ర భారతదేశములో కట్టిన మొదటి ఆవిరి ఓడ "జల ఉష" 1948 మార్చి 14న ఇక్కడి షిప్‌యార్డులోనే నీటిలోకి దిగింది. నెహ్రూ గారు వచ్చి దానిని ప్రారంభించారు. ఇక అండమాన్ దీవులలో స్థిరపడిన శ్రీకాకుళము, విశాఖ ప్రాంతాలవారు రెండు రోజులకు పైగా సముద్రముమీద గడిపి రాకపోకలు సాగించారు.

అయితే వారంతా బ్రతుకుతెరువు కొరకు ఓడ ఎక్కినవారే. కుటుంబమంతా కలిసి విహారమునకు ఎక్కే ఓడ 2022 జూన్ 8న విశాఖ నుండి బయలుదేరింది. దాని పేరు "ఎంప్రెస్". 1990లో కట్టిన ఆ ఓడ పొడవు సుమారు 210 మీటర్లు, పదకొండు అంతస్తులు. అప్పటికి ఇక్కడ ప్రయాణికుల కొరకు వేరే భవనము సిద్ధము కాలేదు. సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరు 4న ప్రారంభమైంది. 2025 జూలైలో ఓడ మరల విశాఖకు వచ్చింది.

మేము ఎట్లు వెళ్లితిమి

మా తోడల్లుడు గారు ఉక్కు కర్మాగారములో ఉద్యోగి; కాపురము ఉక్కునగరములో. ఈ ఓడ సంగతి మొదట చెప్పినది ఆయనే. "ఖర్చు నాకు వదిలిపెట్టండి" అన్నారు. మేము ఒప్పుకోలేదు. బంధువుల ఖర్చుతో సరదాకి వెళ్లితే ఆ సరదా తీరిన తరువాత కూడా ఒక మాట మిగిలిపోతుంది. అప్పు చేసి వెళ్లడమును మాకు ఇష్టము లేదు. మా సతీమణి రెండేండ్లుగా కట్టిన చీటీ పాట ఆ నెలలో చేతికి వచ్చింది. మా నలుగురి ఖర్చు మేము పెట్టుకొన్నాము. అత్తగారి టికెట్టు మాత్రము అల్లుళ్లిద్దరమూ సగము సగము వేసుకొన్నాము. బడులు తెరవకముందే, జూన్ నెలాఖరులో, మొత్తము పదిమందిమి బయలుదేరాము: మేము నలుగురము, తోడల్లుడు గారివారు నలుగురు, అత్తగారు, బావమరిది. మూడు గదులు. విశాఖలో ఎక్కి చెన్నైలో దిగి, రైలులో తిరిగి రావలెనని ఏర్పాటు.

దేశములోని ఒక రేవు నుండి మరియొక రేవుకు వెళ్లే ప్రయాణము గనుక పాస్‌పోర్టు అక్కరలేకపోయింది. పిల్లలతో సహా అందరి ఆధార్ కార్డులు చూశారు. సామాను రైల్వే వారికంటె గట్టిగా తనిఖీ చేశారు. అత్తగారు కట్టుకొచ్చిన పులిహోర రేవులోనే తినివేయవలసి వచ్చింది.

ఓడ కదలకముందు అందరినీ ఒకచోట నిలువబెట్టి, ఆపద వస్తే ఎక్కడికి రావలెనో, లైఫ్ జాకెట్టు ఎట్లు తొడుగుకోవలెనో చూపించారు. పిల్లలు నవ్వుకొన్నారు. పెద్దలము మేమును ఫోటోలు తీయుటలో పడ్డాము. 2012లో ఇటలీ తీరమున కోస్టా కాన్కార్డియా ఓడ మునిగినప్పుడు, క్రొత్తగా ఎక్కిన వందలాది ప్రయాణికులకు అప్పటికి ఈ సంగతి నేర్పలేదు. ఆ తరువాతనే, ఓడ బయలుదేరకముందే లేక బయలుదేరిన వెంటనే దీనిని నేర్పవలెనని నియమము వచ్చింది. అది తమాషా కాదని మాకు మరుసటి రాత్రి తెలిసింది.

చీకటిలో మన ఊరు

ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనుండి బయటికి వచ్చినప్పుడు అందరము పైఅంతస్తుమీద నిలిచాము. కొంతసేపటికి కుడివైపున గంగవరము రేవు, దాని వెనుక ఉక్కు కర్మాగారపు దీపాలు కనబడ్డాయి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో ప్రజలు పోరాడితే, ఆ కర్మాగారము 1992లో జాతికి అంకితమైంది. తోడల్లుడు గారు తన ఇద్దరు పిల్లలను ముందుకు పిలిచి, "అదిగో, మీ నాన్న రాత్రి డ్యూటీ చేసే చోటు" అని చూపించారు. ముప్పై ఏండ్లుగా లోపలినుండి చూచిన దానిని ఆయన సముద్రము మీదనుండి చూడడము అదే మొదలు. చాలాసేపు ఆయన అక్కడనుండి కదలలేదు.

అత్తగారు మాత్రము కటకటాలు పట్టుకొని నీళ్లవైపే చూస్తూ, "మా అయ్య కూలికని రంగూన్ ఓడెక్కినాడు. డెక్కుమీదే పడుకొని ఎళ్లినాడంట. మనం సరదాకెక్కినాం" అన్నారు. ఆయన 1942 యుద్ధకాలములో ఎట్లు నడిచి వచ్చాడో ఆ రాత్రి పిల్లలకు చెప్పారు. ఇరవై ఏండ్లుగా అల్లుడినైన మాకును ఆ కథ తెలియదు. ఫోనుకు సిగ్నలు లేదు, టీవీ పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఈ ప్రయాణములో మాకు దొరికిన మొదటి లాభము అది.

ఇట్టి ఓడలలో జూదశాల, మద్యము అమ్మే చోట్లు ఉంటాయి. ఉన్నదని తెలిసి వెళ్లాము. ఆ వైపు వెళ్లలేదు. పిల్లలు అడిగితే దాచకుండ చెప్పాము.

ఇరవై నిమిషాలు

రెండవ రాత్రి భోజనమైన తరువాత సగముమంది పాటల కార్యక్రమమునకు, సగముమంది గదులకు బయలుదేరారు. ఆరేండ్ల మా చిన్నవాడు పెద్దమ్మతో వెళ్లాడని మా సతీమణి అనుకొన్నది. నాన్నతో ఉన్నాడని పెద్దమ్మ అనుకొన్నది. అమ్మమ్మ గదిలో నిద్రపోయి ఉంటాడని మేము అనుకొన్నాము. అమ్మమ్మ గదికి వెళ్లి చూస్తే వాడు లేడు.

గాలి గట్టిగా ఉంది, ఓడ కొంచెము ఊగుతూ ఉంది. కటకటాల అవతల చీకటి నీళ్లు. ఆ సమయములో మా మనస్సులో ఏమి మెదిలిందో తల్లిదండ్రులైనవారికి చెప్పనక్కరలేదు. బావమరిది ఒక అంతస్తుకు, తోడల్లుడు గారు మరియొక అంతస్తుకు పరుగెత్తారు. మేము రిసెప్షనుకు వెళ్లి చెప్పాము. వారు వెంటనే అన్ని అంతస్తులకు కబురు పంపారు.

వాడు లిఫ్టులో ఒక మీట బదులు మరియొకటి నొక్కాడు. ఏ అంతస్తులో దిగినా అదే తివాచీ, అవే తలుపులు. మన గదే అనుకొని ఎవరిదో తలుపు తట్టుతూ ఏడుస్తుంటే, గదులు శుభ్రపరచే ఒక అబ్బాయి చూచి చేయి పట్టుకొని తీసుకొచ్చాడు. గది నంబరు వ్రాసిన చీటీ ప్రొద్దున వాడి జేబులో పెట్టాము. కాని భోజనమునకు చొక్కా మార్చాము; చీటీ పాత చొక్కాలోనే ఉండిపోయింది.

బిడ్డ దొరికిన తరువాత అక్కాచెల్లెళ్ల మధ్య మాట మీద మాట వచ్చింది. "నీతో వచ్చాడనుకొన్నాను", "నాకు చెప్పావా?" అని. మేమును నిష్ఠూరముగా ఒక మాట అన్నాము, అనకుండ ఉండవలసినది. చివరికి అత్తగారు, "పదిమంది ఉన్నారని అందరూ గుండెమీద చెయ్యేసుకున్నారు. పదిమందీ చూసే బిడ్డని ఎవ్వరూ చూడరు" అన్నారు. ఎవరమూ జవాబు చెప్పలేదు.

యెరూషలేము పండుగనుండి తిరిగి వస్తూ యోసేపు, మరియ, బాలుడు బంధువుల గుంపులో ఉన్నాడనుకొని ఒక దినమంతా నడిచిన సంగతి మేము ఎన్నిసార్లో ప్రసంగించాము. అది నిర్లక్ష్యము కాదని, బంధువులమీద ఉన్న నమ్మకమేనని ఆ రాత్రి మాకు బోధపడింది. నమ్మకము మంచిదే. కాని బిడ్డను ఎవరికి అప్పగించామో నోటితో చెప్పనిదే అది చాలదు.

మరునాడు ఉదయమున అత్తగారే ఒక పద్ధతి పెట్టారు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పెద్ద. చేయి మారేటప్పుడు "అప్పగించాను" అని ఒకరు, "అందుకొన్నాను" అని మరియొకరు పైకి చెప్పాలి. మొదట నవ్వులాటగా ఉన్నా, చెన్నైలో దిగువరకు ఎవరూ తప్పలేదు. ఆ మధ్యాహ్నము అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే బల్లదగ్గర కూర్చొని టీ త్రాగారు.

వెళ్లదలచిన కుటుంబములకు

1. ఓడ నడిచే నెలలు, దారి, ధరలు ఏటేటా మారుతాయి. టికెట్టు కొనకముందే బాగుగా విచారించండి. ఎవరి ఖర్చు ఎవరిదో ఇంటిదగ్గరే తేల్చుకోండి. అప్పు చేయవద్దు.

2. జూన్ మొదలు నైరుతి గాలులవలన బంగాళాఖాతములో అలలు ఎక్కువ. ఓడ నడిమిభాగములో, క్రింది అంతస్తులలో ఊపు తక్కువ. వాంతి వచ్చేటట్లుంటే బయటి గాలిలో నిలిచి దూరాన ఆకాశము సముద్రమును తాకే గీతను చూడండి. కడుపు ఖాళీగా ఉంచవద్దు, నిండుగానూ తినవద్దు. పిల్లలకు మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే, ప్రయాణమునకు ముందుగానే ఇవ్వండి.

3. గది నంబరు చీటీ చొక్కా జేబులో కాదు, మెడలో దారముతో కట్టండి. అంతస్తు సంఖ్య పిల్లలచేత వల్లె వేయించండి.

4. ఆపద సమయమున చేరవలసిన చోటికి పిల్లలను ఒకసారి మీరే నడిపించి చూపండి.

5. పసిబిడ్డ ఎవరి బాధ్యతో పేరు పెట్టి చెప్పండి.

ఈ చివరి మాట ఓడకు మాత్రమే కాదు. తిరునాళ్లలో, పెండ్లిండ్లలో, క్రిస్మస్ రాత్రి మన సంఘపు ఆవరణములో కూడా బిడ్డ తప్పిపోయేది పదిమంది నడుమనే. మా ఇంటిలో నేటికిని, చిన్నవాడు బడికి వెళ్లేటప్పుడు వాని అక్క చేయి చాపి, "అందుకొన్నాను" అంటుంది.

ప్రభువు మీ ప్రయాణములను, మీ పిల్లలను కాపాడును గాక.